ఏ ఏటి చేప ఆ ఏటిదే

ఏట్లో చేపపిల్లల్ని వదలడం పుణ్యకార్యమని మనవాళ్ల నమ్మకం. ఏ చేపో తెలుసుకోకుండా వదిలితే అది పాపం, మహాపాపం. కావేరిని చూసి అంటున్నానీ మాట.

కావేరిలో మూపురం మహసీర్ అనే పెద్ద చేప ఉండేది. 1946లో ఉపనది కబినిలో గాలానికి పడ్డ ఒక్క చేప 54 కిలోలు తూగింది. దొరలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు, పుస్తకాలు రాశారు. దానికంటూ స్థిరమైన శాస్త్రీయ నామం మాత్రం లేదు. పేరే లేనిదాన్ని ఏ జాబితాలో చేర్చి కాపాడతారు? ఈలోగా నదిలో మహసీర్లు తగ్గాయని లోనావాలా హేచరీలో పెంచిన నీలిరెక్కల మహసీర్ పిల్లల్ని తెచ్చి వదిలారు. అది కావేరిది కాదు, మన కృష్ణమ్మ బిడ్డ. 1839లో సైక్స్ అనే ప్రకృతి పరిశీలకుడు దాన్ని వర్ణించింది పుణె దగ్గరి ములా-ముఠా చేపను చూసే. రెండూ మహసీర్లే కదా అనుకున్నారు. ఆ అనుకోవడమే కొంప ముంచింది! 1998 నుంచి 2012 దాకా గాలపు శిబిరాల రిజిస్టర్లలో నీలిరెక్కలవి పెరుగుతూ పోయాయి, మూపురంవి దాదాపు మాయమయ్యాయి.

జన్యువులు పోల్చి మూపురం మహసీర్ గుట్టు విప్పింది 2018లో. రెక్క అంచున చిన్న ముక్క చాలు, చేపను చంపనక్కర్లేదు. అంతకుముందే కేరళలోని పాంబార్ నుంచి టోర్ రెమదేవియై అని వర్ణించిన చేపే ఇదని తేలింది. 2018లోనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దాన్ని అంతరించడానికి అడుగు దూరంలో ఉన్న జాతుల్లో చేర్చింది. ఆ పరీక్ష ముందే చేసి ఉంటే?

మన చెరువుల సంగతి చూడండి. తెలంగాణలో 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని వదులుతున్నారు. బెస్తల, ముదిరాజుల పొట్ట నింపే పథకాన్ని నేనెందుకు కాదంటాను? ఎన్ని పిల్లలు, ఎంత పొడవు అన్నదాని మీద తగాదాలు విన్నాను. వాటి తల్లిచేపలు ఎక్కడివన్న ప్రశ్న ఒక్కసారీ వినలేదు. బొచ్చె, రవ్వ, మోసు తల్లిచేపల్ని ఒకే తొట్టిలో కలిపి గుడ్లు పెట్టించే హేచరీలు ఈ దేశంలో ఉన్నాయి. సంకరాలు అక్కడే పుడతాయి. ఉన్న కొద్ది తల్లిచేపలతోనే ఏళ్లు నెట్టుకొస్తే తోబుట్టువులకే జత కట్టించినట్టు. తరం తరానికీ ఎదుగుదల పడిపోతుంది, రోగాన్ని తట్టుకునే బలం చస్తుంది. పిల్లను అరచేతిలో పెట్టుకు చూసినా ఇదేదీ కనబడదు. అలుగు పారిన రోజున ఆ రక్తం వాగుల్లోకి, వాగుల నుంచి గోదావరిలోకి పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే వల ఇంకా ఎవరూ అల్లలేదు.

జన్యు పరీక్ష చేసేవాళ్లు లేరనకండి. 1983లో పుట్టిన జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ ఇప్పుడు లక్నోలో ఉంది. హైదరాబాద్‌లోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, అంతరించే జాతుల కోసం దానికి వేరే ప్రయోగశాలే ఉంది. లేనిది అడిగే గొంతు.

మత్స్య సహకార సంఘాల పెద్దల్లారా, ఈసారి చెరువుగట్టున లారీ ఆగినప్పుడు పిల్లల్ని లెక్కపెట్టకముందే తల్లిచేపల డీఎన్‌ఏ కాగితం అడగండి. చూపకపోతే లారీని వెనక్కి పంపండి.