చలి ఉదయాన మొరాయించే బండి

మార్గశిర, పుష్య మాసాలలో మన టౌన్‌షిప్పులలో తెల్లవారుజామున తప్పక వినిపించే శబ్దాలలో సెల్ఫ్ మోటారు మూలుగు ఒకటి. షిఫ్టుకు ఆలస్యమైతే ఒక మందలింపుతో పోవచ్చును. కాని అదే వేళలో ఇంటిలోని పెద్దవారిని ఆసుపత్రికి చేర్చవలసి వస్తే ఆ నిమిషాల విలువ వేరు. బండి మొరాయించగానే కొత్త బ్యాటరీ కొని బిగించడం మనలో చాలామందికి అలవాటు. రోగమేదో తెలియకుండా మందు మింగడం వంటిదే ఇది. కనుక ఈ నెల మన శీర్షికలో, చలివేళ కదలనని భీష్మించే బండిని పరీక్షించే క్రమమేమిటో పరిశీలిద్దాం.

చలి మూడు విధాల అడ్డు తగులుతుంది. బ్యాటరీలోని రసాయనిక చర్య మందగిస్తుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇంజనును తిప్పగల శక్తిలో 0 డిగ్రీల వద్ద సుమారు మూడింట రెండు వంతులే మిగులుతుంది. ఇంజను ఆయిల్ చిక్కబడటంతో తిప్పడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. ఇచ్చేవాని చేయి ముడుచుకున్న వేళనే అడిగేవాని అవసరం పెరుగుతుందన్నమాట. ఇక మూడవది, ఇంధనం సరిగా ఆవిరి కాకపోవడం. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బిగించి నొక్కగా పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లని సిలిండరు గోడలు ఆ వేడిని పీల్చివేస్తాయి. ఆ లోటు తీర్చడానికే హీటర్ ప్లగ్గులు ఉన్నాయి.

మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఇది చలివల్ల వచ్చిన చిక్కా, నిలిపి ఉంచడంవల్ల వచ్చినదా? రెండూ ఒకటి కావు. మే నెలలో కూడ రాత్రంతా నిలిపిన బండి ఉదయం సతాయిస్తూంటే నేరం చలిది కాదు. డీజిల్ పైపు అతుకులలో ఎక్కడో గాలి చొరబడి, ఇంధనం ట్యాంకులోకి వెనుదిరిగి ఉండవచ్చును. బండికి చేతి పంపు ఉంటే, సెల్ఫ్ కొట్టకముందే దానిని నాలుగైదుసార్లు నొక్కి చూడండి. వెంటనే స్టార్ట్ అయితే అనుమానం బలపడినట్లే.

రెండవది చెవితో చేసే పరీక్ష. ఇంజను బద్ధకంగా తిరుగుతున్నదా, చురుకుగా తిరుగుతూనే అందుకోకున్నదా? బద్ధకంగా తిరిగితే చూడవలసినది విద్యుత్తు వైపు. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ ఉదయం సుమారు 12.6 వోల్టులు చూపాలి, 12.2 చూపితే సగం ఖాళీ అయినట్లు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 వోల్టులకు దిగువకు పడిపోరాదు. ఈ లెక్కలన్నీ సరిగా ఉండి కూడ ఇంజను మూలుగుతున్నదంటే టెర్మినళ్లను, ఎర్త్ వైరును చూడండి. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతున్నదనుకుందాం. దారిలో 0.01 ఓమ్ అడ్డంకి ఉన్నా 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. టెర్మినల్ పై పేరుకున్న తెల్లని పొడి చేసే నిర్వాకమిదే. ముందుగా నెగటివ్ వైరు విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, పొడిగా తుడిచి బిగించండి. బిగించేటప్పుడు నెగటివ్‌ది చివర.

మూడవది కంటితో చేసే పరీక్ష. డీజిల్ ఇంజను చురుకుగా తిరుగుతూ అందుకోకపోతే సైలెన్సరు వైపు చూడమని ఇంకొకరికి చెప్పండి. తెల్లని పొగ వస్తున్నదంటే డీజిల్ చేరుతున్నది, మండటం లేదు, కావలసినది వేడి. హీటర్ ప్లగ్గులను, వాటి రిలేను పరీక్షించాలి. పొగ బొత్తిగా లేకపోతే ఇంధనమే చేరడం లేదు. ప్లగ్గులు బాగుండి కూడ తెల్లపొగ ఆగకపోతే కంప్రెషన్ చూడాలి. అది మెకానిక్కు పని.

పెట్రోలు బండ్లలో పూర్వం చోక్ లాగేవారం. 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాలతో కొత్త మోటారు సైకిళ్లు సైతం ఇంజెక్షన్ పద్ధతికి మారాయి. చోక్ చేసే పనిని ఇప్పుడు ఉష్ణోగ్రత సెన్సరు చెప్పే మాటను బట్టి కంప్యూటర్ చేస్తుంది. చల్లని ఇంజనును వేడిగా ఉన్నదని సెన్సరు చెబితే పెట్రోలు తగ్గిపోతుంది. ఉదయం స్టార్ట్ చేయకముందు స్కానర్ చూపే ఇంజను ఉష్ణోగ్రత బయటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. లేకుంటే అబద్ధమాడుతున్నదెవరో దొరికినట్లే.

కొన్నిచోట్ల దోషం బండిది కాదు, డీజిల్‌ది. గడ్డు చలిలో అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టరును మూసివేస్తుంది. లడఖ్ వంటి ప్రాంతాలకోసం మైనస్ 33 డిగ్రీలలో సైతం ప్రవహించే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో ప్రవేశపెట్టింది. ఎగువ ప్రాంతాలకు బదిలీ అయినవారు మైదానంలో నింపిన ట్యాంకును నమ్ముకోక, అక్కడి డీజిల్‌నే పోయించుకోవడం మేలు.

చేయరాని పనులు కొన్ని ఉన్నాయి. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఒకేసారి తిప్పరాదు. మరల తిప్పేముందు అర నిమిషమైనా ఆగాలి. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులోకి ఈథర్ స్ప్రే కొట్టరాదు. అది లోపలనే పేలి ఇంజనును దెబ్బతీయవచ్చును. ఆయిల్ సంపు కింద గుడ్డపీలికలు మండించడం అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించడమే. అన్నిటికన్న ముఖ్యం: తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజను వేడెక్కనివ్వకండి. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు ప్రాణాలు తీస్తుంది. ఇది ఇంటిలో పిల్లలకు కూడ తెలియవలసిన సంగతి.

బండిని మెకానిక్కు వద్దకు తీసుకుపోయేముందు ఒక కాగితంపై మూడు మాటలు వ్రాసుకోండి: ఎంతసేపు నిలిచిన తరువాత మొరాయించింది, ఎలా తిరిగింది, ఏ రంగు పొగ వచ్చింది. ఆ మూడు ముక్కలు అతని సమయాన్ని, మీ డబ్బును ఆదా చేస్తాయి.