ఎండిన రొట్టెలు చూసి మోసపోవద్దు





మా సంఘంలో ఒక సహోదరి వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. జ్వరమేమోనని ఇంటికి వెళ్లాను. ప్రార్థన ముగించి లేవబోతుంటే ఆమె కన్నీళ్లు పెట్టుకుని, "అయ్యగారూ, గేదెను అమ్మిన డబ్బు, డ్వాక్రా అప్పు, అంతా కలిపి లక్షా ఎనభై వేలు పోయాయి. మా ఆయనకు ఇంకా తెలియదు" అన్నది. పాప నర్సింగు ఫీజు కోసం చేసిన పని అది. నలుగురికి మేలు కలుగుతుందని, ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను.

ఎవరో ఆమె నంబరును ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందరూ 'సార్' అని పిలిచే ఒకాయన ప్రతి ఉదయం ఏ క్రిప్టో నాణెం కొనాలో చెప్పేవాడు. క్రిప్టో అంటే కాగితమూ లోహమూ లేకుండా కంప్యూటర్లలో లెక్కగా మాత్రమే నడిచే డబ్బు వంటిది. బిట్‌కాయిన్ అనేది 2009లో మొదలైంది. దాని ధర పెరగడమూ పడిపోవడమూ నిజమే. అయితే ఈ మోసగాళ్లకు కావలసింది ఆ పేరు మాత్రమే. సాయంత్రం కాగానే సభ్యులు తమ లాభాల ఫొటోలు పెట్టి, 'సార్'కు దండాలు పెట్టేవారు. ఇటువంటి గ్రూపుల్లో అలా మాట్లాడేవారు చాలావరకు ఆ ముఠా మనుషులే.

మొదట ఆమె చేత వెయ్యి రూపాయలు పెట్టించారు. రెండు రోజుల్లో పదమూడు వందలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. ఆ మూడు వందలే గాలానికి గుచ్చిన ఎర. తరువాత ఒక లింకు పంపి యాప్ వేయించారు. అందులో ఆమె డబ్బు నాలుగు లక్షలైనట్లు కనిపించింది. అది వాళ్లు తెరమీద వేసిన అంకె మాత్రమే. ఆమె పంపిన డబ్బుతో ఏ నాణెమూ కొనలేదు. అది ప్రతిసారీ వేరొకరి పేరున్న ఖాతాకు వెళ్లింది. లాభం తీసుకుంటానంటే, "ముందు 30 శాతం పన్ను కట్టాలి" అన్నారు. క్రిప్టో లాభాలపై మన దేశంలో 2022 ఏప్రిల్ నుండి 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే. కాని అది ప్రభుత్వానికి కట్టేది, గ్రూపు నడిపేవాడికి కాదు. అప్పు తెచ్చి అదీ కట్టింది. మరునాటికి గ్రూపు లేదు, 'సార్' లేడు.

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం చదవండి. గిబియోనీయులు పొరుగువారే. అయినా పాత చెప్పులు తొడుక్కుని, ఎండిన రొట్టెలు పట్టుకుని, దూరదేశస్థులమని నమ్మించారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలను చూశారు గాని దేవుని యొద్ద విచారణ చేయలేదు. వారు చూసిన ఋజువును తెచ్చినవాడు మోసగాడే. మన ఫోనులో కనబడే లాభాల ఫొటో కూడా అటువంటి రొట్టెయే.

"చెప్పినవారు విశ్వాసులే గదా" అనుకోవద్దు. 2024 జనవరిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర అధికారులు ఒక పాస్టరు దంపతులపై కేసు వేశారు. విలువలేని క్రిప్టో నాణేన్ని దేవుని పేరు చెప్పి అమ్మి, 300 మందికి పైగా క్రైస్తవుల నుండి దాదాపు 32 లక్షల డాలర్లు వసూలు చేశారని ఆరోపణ. కాబట్టి ఈ విషయంలో పాస్టరు మాటనైనా పరీక్షించండి, నా మాటనైనా సరే.

ఆ సందేశాలు పంపేవారిలో కొందరు బందీలని కూడా ఎరిగియుండండి. ఉద్యోగాలని నమ్మించి మన యువకులను కంబోడియాకు పంపి, అక్కడ ఇటువంటి మోసాలు చేయిస్తున్నారని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. వారి కొరకును ప్రార్థించండి.

ఇక మనం చేయవలసినది. డబ్బు పంపకముందే ఇంట్లోవారికి చెప్పండి. గ్రూపుతో సంబంధం లేని, లోకం తెలిసిన ఒక్కరినైనా అడగండి. మీ డబ్బు మీకివ్వడానికి ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. తెలియనివారు గ్రూపుల్లో చేర్చకుండా వాట్సాప్‌లో అమరిక ఉంది; చదువుకున్న పిల్లల చేత పెట్టించుకోండి. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును బ్యాంకులో ఆపించడానికి అంత అవకాశం. పోయిన డబ్బు రప్పిస్తామని ఫీజు అడుగుతూ వచ్చేవారు రెండవ దొంగలు.

ఆ సహోదరి 1930కి ఫోను చేయడానికి నెల రోజులు పట్టింది. కారణం సిగ్గు. దురాశ అంటూ నేను గద్దిస్తానని భయపడిందట. ఆ మాట నన్ను గుచ్చింది. కానుకలను గురించి ఎన్నోసార్లు బోధించాను గాని ఈ ఉరులను గురించి ఒక్కసారీ హెచ్చరించలేదు. పడినవారు మొదట పరుగెత్తి రావలసిన చోటు సంఘమే. ఇంటి యజమానులారా, మీ భార్య గాని బిడ్డ గాని ఇటువంటి మాట చెప్పినప్పుడు కేకలు వేయకండి. ముందు ఫోను చేయండి, తరువాత కలిసి ప్రార్థించండి.

ఆ సాయంత్రం నేను ప్రక్కన కూర్చుండగానే ఆమె భర్తకు చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "నువ్వు ఒక్కదానివే ఇన్నాళ్లు మోశావా?" అన్నాడు. డబ్బు ఇంతవరకు రాలేదు. గడచిన ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసి ఆరాధనకు వచ్చారు.

ప్రభువు మీ ఇండ్లను కాచి కాపాడును గాక. ఆమేన్.