యాంటీవైరస్‌ను పీకేయక్కర్లేదు



మెయిల్ బయటికి పోకపోతే యాంటీవైరస్‌ను తీసేయమని గత సంచిక వ్యాసంలో ఇచ్చిన సలహా ప్రమాదకరం. వెలుగోడులోనో నంద్యాలలోనో అవుట్‌లుక్‌లో బిల్లులు పంపుకునే దుకాణదారు దాన్ని పాటిస్తే, కంప్యూటర్‌కు కాపలా లేకుండా పోవచ్చు.

మెయిల్‌కు యాంటీవైరస్ పెట్టే అడ్డు ఊరికే పుట్టలేదు. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వార్మ్ అవుట్‌లుక్‌లోని చిరునామాలన్నిటికీ తనను తానే పంపుకుంది. 2004లో వచ్చిన మైడూమ్ అనే వార్మ్ మెయిల్ పంపే ఏర్పాటును తనలోనే మోసుకొచ్చింది. అందుకే మెకాఫీ వైరస్‌స్కాన్‌లో, తనకు తెలియని ప్రోగ్రాములు 25వ పోర్టు గుండా మెయిల్ పంపకుండా ఆపే నియమం ఉండేది. మినహాయింపుల్లో మెయిల్ ప్రోగ్రాం పేరు చేరిస్తే అడ్డు తొలగేది.

ఇప్పటి చిక్కు ఎక్కువగా సర్టిఫికెట్‌ది. అవాస్ట్ లాంటివి మెయిల్‌ను తనిఖీ చేయడానికి సర్వర్‌కూ ప్రోగ్రాంకూ మధ్య నిలబడి తమ సర్టిఫికెట్ చూపిస్తాయి. థండర్‌బర్డ్‌కు సొంత సర్టిఫికెట్ల జాబితా ఉంది. అందులో లేనిదాన్ని అది నమ్మకపోవచ్చు. ఆ సర్టిఫికెట్‌ను థండర్‌బర్డ్‌లో చేర్చాలి, లేదా బయటికి వెళ్లే మెయిల్ తనిఖీ ఒక్కటే ఆపాలి. ఫైళ్లను కనిపెట్టే కాపలా అలాగే కొనసాగుతుంది.

అసలు దోషి యాంటీవైరసేనా అన్నది ముందు తేల్చుకోవాలి. మెయిల్ తనిఖీని కాసేపు ఆపి ఒక ఉత్తరం పంపితే తెలిసిపోతుంది. అప్పటికీ పోకపోతే పోర్టు చూడాలి: జీమెయిల్‌కైతే 587 లేదా 465. పాస్‌వర్డ్ తప్పని వస్తే అది వేరే సంగతి, యాంటీవైరస్ జోలికి పోనవసరం లేదు.

— ఒక పాఠకుడు, వెలుగోడు, నంద్యాల జిల్లా