పేరు కూడా ఒక ఒప్పందమే

ముంబైలో ఫోరస్ రోడ్డు మీద నిత్యం నడిచే వారిలో ఆ పేరుకు అర్థం తెలిసినవారు అరుదు. పోర్చుగీసు వారి కాలంలో భూమికి చెల్లించే శిస్తును ‘ఫోరో’ అనేవారు. ఆ మాటే ఆంగ్లేయుల ఏలుబడిలో ‘ఫోరస్’ అయింది. ఉప్పునీటి పర్రలను బాగుచేసుకొమ్మని కొద్దిపాటి శిస్తుపై ఇచ్చిన నేలలే ఫోరస్ భూములు. వాటిపై హక్కులను తేల్చడానికి 1851లో ఒక చట్టమే చేయవలసి వచ్చింది. పక్కనున్న కామాఠీపుర పేరు మాత్రం ఈ నగర కట్టడాలకు చెమటోడ్చిన మన కామాటీలది. ఒక పేరు పనిచేసిన వారిని నేటికీ గుర్తుచేస్తోంది. రెండవది, నేలను ఏ షరతుపై ఇచ్చారో చెప్పడం ఎప్పుడో మానివేసింది.

పేర్ల విషయం ఈ నెల ఎందుకు ఎత్తుకున్నానంటే, దానికొక కారణముంది. ఈ రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక చాల్‌లో కొందరు యువకులు ఆదివారాలు తెలుగు పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. వారు వాడుతున్న పదపట్టికను ఒకసారి చూడమని నన్ను అడిగారు. నేను న్యాయవాదిని, యంత్ర నిపుణుణ్ణి కాను. అయినా ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘ఫ్రీ’ అనే ఆదేశానికి ఎదురుగా ‘ఉచితం’ అని ఉంది.

సి భాషలో ‘మాలాక్’ అడిగినంత మెమరీని కేటాయిస్తుంది. పని తీరిన తరువాత ఆ చోటును తిరిగి అప్పగించేది ‘ఫ్రీ’. ఇందులో ఉచితమన్న ప్రసక్తే లేదు. ఆ పట్టిక చదివిన ఒక పిల్లవాడు తన పుస్తకంలో ‘ఉచితంగా చోటు ఇచ్చేది’ అని రాసుకున్నాడు. తీసుకున్న చోటును అప్పగించకపోతే మెమరీ క్రమంగా నిండిపోతుంది. అప్పగించిన చోటునే మళ్లీ వాడితే, ఖాళీ చేసిన గదిలోకి కొత్తవారు చేరిన తరువాత పాత తాళంచెవితో వెళ్లినట్టే. కంప్యూటర్ భద్రతా లోపాలలో ఇదొక పెద్ద తరగతి. తప్పు పిల్లవాడిది కాదు, మనం ఇచ్చిన పేరుది.

పేరు తప్పితే ఎంత ఇబ్బందో పెద్ద నిపుణులకూ తెలుసు. లినక్స్ కెర్నెల్‌లో మెమరీని కేటాయించే ఫంక్షన్లు అనేకం. ‘కెమాలాక్’ ఒకే వరుసలో గోడకు గోడ ఆనిన గదులను ఇస్తుంది. ‘వీమాలాక్’ ఇచ్చే గదులు వేర్వేరు అంతస్తుల్లో ఉండవచ్చు, తలుపుల మీది అంకెలు మాత్రం వరుసగా ఉంటాయి. ‘కెజడ్అలాక్’ గదిని శుభ్రంగా ఊడ్చి, అంటే సున్నాలతో నింపి, ఇస్తుంది. దానికి జోడీగా ‘కెజడ్ఫ్రీ’ అనే పేరు చాలాకాలం నడిచింది. చూడటానికి జంట కుదిరినట్టే ఉంటుంది. కాని దాని ఉద్దేశం వేరు. సంకేతపదాల వంటి రహస్యాలు ఉన్న చోటును, వాటి జాడ మిగలకుండా తుడిచి అప్పగించడం దాని పని. తుడవడం ఎందుకో చెప్పని పేరు దారి తప్పిస్తుందని లైనస్ టోర్వాల్డ్స్ వాదించారు. 2020లో దానిని ‘కెఫ్రీ సెన్సిటివ్’గా మార్చారు, కెర్నెల్‌లో అది వాడిన చోటల్లా దిద్దారు. కోడ్ చేసే పని నడుస్తూనే ఉన్నా, చదివేవారు పొరబడకూడదని పేరును సరిదిద్దుకున్నారు.

నా వృత్తిలో ఇది కొత్త కాదు. దస్తావేజులో ‘అద్దె’ అని రాశారా, ‘అనుమతి’ అని రాశారా అన్నదాన్ని బట్టి ఒక కుటుంబం గదిలో ఉండటమో వీధిన పడటమో జరగవచ్చు. పేరు కూడా ఒక ఒప్పందమే. దానిని నమ్మి నడుచుకునేవాడు, రాసినవాడి ఎదుట ఉండడు. అందుకే పేరును ముందుగా చదివి చూడవలసినది రాసినవాడు కాదు, దానిపై ఆధారపడేవాడు.

అలాగని మాలాక్ పేరును తెలుగులోకి మార్చమని మేము అడగడం లేదు. లోకమంతా కలిసి పనిచేసే చోట పేరు ఒకటే ఉండాలి. ఆ పేర్లు పొట్టిగా ఉండటానికి కారణం కూడా పాత యంత్రాల ఇరుకుదనమే. 1989 నాటి సి ప్రమాణం బయటికి కనిపించే పేర్లలో మొదటి 6 అక్షరాలకే హామీ ఇచ్చింది. ఆ ఇరుకు నేడు లేదు. 2008లో వచ్చిన పైథాన్ 3 తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టుకోనిస్తుంది. తరగతి గదిలో పిల్లలు తాము రాసే ఫంక్షన్‌కు ‘చోటు_కేటాయించు’, ‘చోటు_అప్పగించు’ అని పేర్లు పెట్టుకోవడానికి అడ్డు యంత్రం కాదు, మన జంకే.

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే యత్నం చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. మాటలు తప్పుగా ఉన్న పట్టికను చేతికిచ్చి వసతి కల్పించామంటే అది మోసమే. కనుక పదపట్టిక ఏదైనా అచ్చుకు పోకముందు పిల్లల చేత చదివించండి. ఆ మాట వినగానే వారికేమి తోచిందో అడగండి. వారు పొరబడితే మాటను మార్చండి.

ఆ చాల్‌లోని పట్టికలో ‘ఉచితం’ కొట్టివేసి ‘అప్పగించు’ అని రాశాం. ఈసారి ఆ పిల్లవాడు అడిగిన మొదటి ప్రశ్న: “ఎవరికి అప్పగించాలి?” సరైన పేరు సరైన ప్రశ్నను పుట్టించింది. మనం కోరేది అదే.