లోపం ఎవరిలో వెతుకుతున్నాం?



ఇంగ్లిష్ సాహిత్యం చదివే మన పిల్లలకి ఏదో ఒక పరీక్షలో ఈ ప్రశ్న ఎదురవుతుంది: విషాద నాయకుడి పతనానికి కారణమైన లోపం ఏది? జవాబులన్నీ కంఠస్థమే. ఈడిపస్‌కి అహంకారం. మాక్‌బెత్‌కి అధికార దాహం. ఒథెల్లోకి అసూయ. రాస్తే మార్కులొస్తాయి. కానీ ఆ ప్రశ్ననే ఒకసారి ప్రశ్నిద్దాం.

అరిస్టాటిల్ వాడిన మాట 'హమార్షియా'. గ్రీకులో దానికి గురి తప్పడం అనే అర్థం ఉంది. తెలియక చేసిన పొరపాటు కూడా అందులోకి వస్తుంది. దాన్ని స్వభావ లోపంగా బిగించింది తర్వాతి కాలపు విమర్శ, పాఠ్యపుస్తకాలు. పొరపాటు అంటే చుట్టూ ఏం జరిగిందో అడగాలి. లోపం అంటే ఆ ఒక్క మనిషిని బోనులో నిలబెడితే సరిపోతుంది.

అరిస్టాటిల్ ఇంకో షరతు కూడా పెట్టాడు. విషాద నాయకుడు పేరు ప్రతిష్ఠలున్న వంశంలో పుట్టినవాడై ఉండాలి. అదే పుస్తకంలో స్త్రీని తక్కువదానిగా, బానిసను బొత్తిగా విలువలేనివాడిగా లెక్కగట్టాడు. అంటే కిందపడటానికి కూడా పైమెట్టు మీద పుట్టి ఉండాలన్నమాట!

ఇప్పుడు సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ నాటకం తెరవండి. కాళ్లు కట్టేసిన పసిబిడ్డను చంపమని రాజకుటుంబం ఒక కాపరి చేతికిస్తుంది. అతను ఆ ఇంట్లోనే పెరిగిన బానిస. జాలిపడి బిడ్డను బతికిస్తాడు. ఆ బిడ్డే రాజై, నిజం చెప్పమని ఆ ముసలి కాపరి చేతులు వెనక్కి విరిచి కట్టిస్తాడు. నాటకం మొత్తంలో అంత దయ చూపినవాడికి ఒక పేరు కూడా లేదు. పిల్లవాణ్ణి చంపమన్నవాళ్ల లోపం గురించి పరీక్షలో ప్రశ్న రాదు.

ఒథెల్లో సంగతీ అంతే. ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయిన నల్లజాతి సేనాని. తన కూతుర్ని మంత్రం వేసి లొంగదీసుకున్నాడని మామ నమ్ముతాడు. రంగు పేరుతో ఇయాగో విషం పోస్తాడు. అయినా మన నోట్సులో మిగిలేది 'అసూయ' ఒక్కటే. డెస్డెమోనాని చంపిన నేరం ఒథెల్లోదే, దాన్ని మాఫీ చేయమనడం లేదు. కానీ ఆ చేతిని అక్కడిదాకా నడిపించిన వెనిస్ సమాజాన్ని వదిలేసి రాసిన జవాబు సగం జవాబే.

ఇది పరీక్ష హాల్లో ఆగిపోతే నేను ఇంత రాయను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కి చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు క్యాంపస్‌లోనే వెలివాడ వేసుకుని కూర్చున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. ప్రభుత్వం వేసిన ఏకసభ్య సంఘం ఏం తేల్చింది? వ్యక్తిగత నిస్పృహ కారణమంది. పైగా తల్లి కులం ఏమిటో తవ్వింది. ఈడిపస్ కథలోనూ విచారణ పుట్టుక దగ్గరే తేలింది. కాకపోతే అక్కడ తన పుట్టుక గురించి అడిగింది రాజే. ఇక్కడ చనిపోయిన బిడ్డ పుట్టుక గురించి రాజ్యం అడిగింది.

మనవాళ్లకి నాయకుడి స్థానం ఇవ్వరు. లోపాన్ని మాత్రం ధారాళంగా అంటగడతారు. 'మనసు బలహీనం', 'తట్టుకోలేకపోయాడు', 'ఇంగ్లిష్ రాక కుంగిపోయాడు'. ప్రతి క్యాంపస్ మరణం తర్వాతా ఈ మాటలు వినిపిస్తూనే ఉంటాయి.

విద్యార్థి మిత్రులారా, పరీక్షలో అహంకారం, అసూయ రాయండి, మార్కులు వదులుకోవద్దు. దాని కిందే ఇంకో పేరా కూడా రాయండి. ఆజ్ఞ ఎవరిది, దానివల్ల లాభపడింది ఎవరు, పేరు లేకుండా మిగిలిపోయింది ఎవరు?

వచ్చే భాగంలో భవభూతి ఉత్తరరామచరితం గురించి మాట్లాడుకుందాం. అక్కడ శంబూకుణ్ణి చంపడానికి రాముడి చెయ్యి బాధపడుతుంది. చచ్చిన శంబూకుడు తిరిగొచ్చి రాముడికి కృతజ్ఞత చెబుతాడు.