ఉచితప్రసారములు - ఏకాధిపత్యము

క్రీడలను, చిత్రములను మన చేతిలోని ఫోనునకు దెచ్చు సంస్థలలో రెండు మహాసంస్థలు 2024 నవంబరు 14వ తేదీన ఏకమైనవి. రిలయన్సువారి వయాకామ్ 18, డిస్నీవారి స్టార్ ఇండియా కలసి 70,352 కోట్ల రూపాయల విలువగల ఉమ్మడిసంస్థ యేర్పడినది. అందు డిస్నీవారి భాగము నూటికి 36.84, ఆధిపత్యము రిలయన్సువారిది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అను రెండు వాకిళ్లు మూతబడి, జియోహాట్‌స్టార్ అను ఒక్క వాకిలి తెరువబడినది. ఇది వర్తకుల సొంతవ్యవహారమని ప్రజలు ఉపేక్షింపరాదు.

పోటీ యున్నంతకాలము ప్రేక్షకునకు గలిగిన లాభమెట్టిదో స్మరింతము. 2022 జూనులో ఐ.పి.ఎల్. అయిదేండ్ల ప్రసారహక్కులు అమ్మకమునకు వచ్చినపుడు, టెలివిజను హక్కును 23,575 కోట్లకు స్టార్‌వారును, ఇంటర్నెట్టు హక్కును 23,758 కోట్లకు వయాకామ్‌వారును గొనిరి. 2023లో జియోసినిమా ఆ పందెములను ఉచితముగ జూపెను. ఆ యేడే హాట్‌స్టార్ కూడ ప్రపంచకప్పును ఫోనులలో ఉచితముగ జూపినది. ఇరువురు నేకమైన పిమ్మట, 2025 ఐ.పి.ఎల్.లో కొలది నిమిషములు మాత్రమే ఉచితము. పిదప మూడునెలలకు కనీసము 149 రూపాయల చందా, లేదా జియో ఫోనునకు 299 రూపాయలకు తగ్గని రీచార్జి.

149 రూపాయలు భారమా యని కొందరడుగుదురు. ప్రశ్న నేటి వెలను గూర్చి కాదు, రేపటి వెలను నిర్ణయించునది యెవరని. 1906లో చిదంబరం పిళ్లెగారు తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంస్థను స్థాపింపగా, బ్రిటిష్ ఇండియా కంపెనీవారు ఛార్జీలను తెగదగ్గించి, తుదకు ఉచితప్రయాణమును, పైగా గొడుగును సైతము ఇవ్వజూపిరని చెప్పుదురు. ప్రత్యర్థి తొలగిన పిమ్మట గొడుగులిచ్చువాడుండడు. నాటి ధనబలము విదేశీయము, నేటిది స్వదేశీయము. అయినను గుత్తకు స్వపరభేదము లేదు.

నష్టములకోర్వలేక కలసితిమనియు, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, యూట్యూబులతో పోటీ యుండనే యున్నదనియు సమర్థకుల వాదము. ఇందు సత్యము లేకపోలేదు. కాని చిత్రమునకు బదులు వేరొక చిత్రము గలదు, ఐ.పి.ఎల్.కు బదులేది? దాని హక్కులు 2027 వరకు ఆ చేతిలోనివే. తరువాతి వేలమున, నాడు చెరియొక హక్కును గొన్న యిరువురును ఒక్కరే.

2024 ఆగస్టు 28న కాంపిటీషన్ కమిషనువారు ఈ విలీనము నంగీకరించుచు, క్రికెట్టు ప్రకటనల ధరలను అన్యాయముగ బెంచరాదనియు, టెలివిజను ప్రకటనలను ఇంటర్నెట్టు ప్రకటనలతో ముడిపెట్టి యమ్మరాదనియు హామీలు గైకొనిరి. యుక్తమే. ప్రకటనదారుని యెడ జూపిన ఈ శ్రద్ధ చందాదారుని యెడల నంతకుమించి చూపవలసియున్నది.

తెలుగువారికి మరియొక చింత. 2020లో వెలసిన ఆహా, దానివలెనే ఈటీవీ విన్ ప్రధానముగ మన భాషను నమ్ముకొన్న సంస్థలు. ఫోను, క్రీడ, చందా యొక్క కుటుంబమున జేరినపుడు చిన్న యంగడి నిలుచుట దుర్ఘటము. కొనువారు తగ్గినకొలది నిర్మాతకు బేరమాడు శక్తియు తగ్గును.

కావున, ఫోను రీచార్జితో ముడిపెట్టు సదుపాయము అన్ని సంస్థలకును సమాననిబంధనలతో లభింపవలెను. హక్కుల కాలము ముగియులోపల చందాను అకారణముగ బెంచరాదు. తరువాతి వేలమును కమిషనువారు మొదటినుండియు గనిపెట్టవలెను. వెల పెరిగిన పిదప విచారణ జరుపుటకంటె, పెరుగకమున్నే కావలి యుండుట మేలు.