దాహానికి చుక్క చాలు... నీరు నిలిస్తే ముప్పు!

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత. నిజానికి తొండ ఎంత ముదిరినా తొండే! రెండూ వేర్వేరు జీవులు. గోడల మీద పరుగులు తీస్తూ, ఎర్రబడిన మెడతో తల ఆడించేది తొండ. తోకను స్ప్రింగులా చుట్టుకుని, పట్టకారులాంటి కాళ్లతో కొమ్మను పట్టుకుని, గాలికి ఊగే ఆకులా అడుగులో అడుగు వేసేది ఊసరవెల్లి. ప్రపంచంలో రెండొందలకు పైగా జాతులున్నా మనదేశంలో ఉన్నది ఒక్కటే. నల్లమలకు ఆనుకుని ఉన్న మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల పల్లెల్లో కంచెల మీద, పొలం గట్ల మీది కంపల్లో అప్పుడప్పుడూ కంటపడుతుంది.

కంటపడితే ఏమవుతుంది? విషపురుగని కొందరు రాళ్లు రువ్వుతారు. అసలు దానికి విషమే లేదు. ఇంకొందరు పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెచ్చి, ఖాళీ చేపల తొట్టెలో పెట్టి, పక్కనే గిన్నెడు నీళ్లు ఉంచుతారు. రోజులు గడిచేకొద్దీ దాని కళ్లు లోపలికి పోతాయి. ఒకరోజు పొద్దున చూస్తే కదలదు. 'తిండి పెట్టాం, నీళ్లు పెట్టాం... ఎందుకు చచ్చిపోయింది?' అంటారు పిల్లలు. సమాధానం ఆ నీళ్లలోనే ఉంది.

గిన్నెతో దాహం తీరదు
ఊసరవెల్లి కొమ్మల మీద బతికే జీవి. ఆకుల మీద మెరిసే మంచు బిందువుల్నీ, వాన చినుకుల్నీ నాలుకతో అందుకోవడమే దానికి తెలిసిన దాహం తీర్చుకునే పద్ధతి. కదలకుండా నిలిచిన నీళ్లను చాలా ఊసరవెల్లులు నీళ్లుగానే గుర్తించవు. అంటే గిన్నె నిండుగా ఉన్నా దాహంతో చనిపోవచ్చన్నమాట!

అమెరికా, యూరప్‌లలో యెమెన్ ప్రాంతపు ఊసరవెల్లుల్ని పెంచేవాళ్లు ఈ సంగతిని అనుభవంతో నేర్చుకున్నారు. అందుకే గూడు పైన సన్నని రంధ్రం ఉన్న డబ్బా పెట్టి, ఆకు మీద ఒక్కో చుక్కా పడేలా చేస్తారు. లేదంటే పొగమంచులా నీళ్లు చిమ్మే యంత్రం అమరుస్తారు. అక్కడితో ఒక సమస్య తీరి, రెండోది మొదలవుతుంది. పైనుంచి పడిన నీళ్లు ఎక్కడికి పోవాలి?

ఆ నీళ్లు ఎటు పోతాయి?
ఒక లెక్క చూడండి. యంత్రం నిమిషానికి 100 మిల్లీలీటర్ల నీళ్లు చిమ్ముతుందనుకుందాం. రోజుకు మూడుసార్లు, రెండేసి నిమిషాలు నడిపితే 600 మిల్లీలీటర్లు. నెలకు 18 లీటర్లు! అడుగు మూసుకుపోయిన గాజు తొట్టెలో ఇదంతా నిలిచిపోతే బూజు పడుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది. గాలి ఆడక లోపల ఉక్క పోస్తుంది. పాదాలకూ చర్మానికీ పుండ్లు, ఊపిరితిత్తులకు జబ్బు వస్తాయి. ఊసరవెల్లి తల పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే పరిస్థితి చేయి దాటుతున్నట్లే.

అందుకే తెలిసినవాళ్లు నాలుగువైపులా జాలీ ఉన్న నిలువు గూళ్లు వాడతారు. అడుగున పలకను కొద్దిగా ఏటవాలుగా ఉంచి, పల్లం వైపు రంధ్రాలు చేసి, కింద బకెట్ పెడతారు. దాన్ని రోజూ పారబోస్తారు. లోపల మొక్కలు పెంచాలనుకుంటే అన్నిటికన్నా కింద గులకరాళ్లు, వాటిపైన సన్నని జాలీ, ఆపైన మట్టి. పూలకుండీ అడుగున చిల్లు పెట్టి పెంకు ముక్క వేయడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందేగా... ఇదీ అలాంటిదే.

తడవాలి... ఆరాలి
తేమ ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. గాలి మరీ పొడిగా ఉంటే కుబుసం సరిగా ఊడదు, ఒంట్లో నీరు తగ్గుతుంది. తెల్లగా ఉండాల్సిన మూత్రపు ముద్ద నారింజ రంగుకు మారుతుంది. అలాగని రోజంతా తడిగా ఉంచకూడదు. రాత్రి చల్లగా, తేమగా... పగలు వెచ్చగా, పొడిగా... ఇదీ యెమెన్ జాతికి నప్పే పద్ధతి. ఒకసారి నీళ్లు చిమ్మాక ఆకులు పూర్తిగా ఆరేదాకా మళ్లీ చిమ్మరు.

ప్రకృతి చేసేదీ ఇదే. వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో 20 శాతం తేమ ఉన్న గాలి, కొత్తగా చుక్క నీరు కలవకపోయినా, తెల్లవారుజామున 27 డిగ్రీలకు చల్లబడితే తేమ 40 శాతం దాకా చేరుతుంది. చల్లగాలి నీటిని తక్కువగా ఇముడ్చుకోవడమే కారణం. పశ్చిమ ప్రకాశంలాంటి మెట్ట ప్రాంతంలోనూ ఊసరవెల్లి బతకగలగడానికి ఈ రాత్రి చల్లదనం ఓ ఆసరా.

ఇక్కడ మరో చిక్కూ ఉంది. ఈ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పదనంతో, ఫ్లోరైడ్‌తో ఉంటాయి. అలాంటి కఠిన జలాన్ని చిమ్మితే ఆకుల మీద తెల్లమచ్చలు కడతాయి, యంత్రం రంధ్రాలు పూడుకుపోతాయి.

ఇంట్లో వద్దు... పెరట్లో సరే!
ఇదంతా చదివి 'మనమూ ఓ గూడు కడదాం' అనుకోకండి. మన ఊసరవెల్లిని పట్టినా, పెంచినా, అమ్మినా నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం శిక్ష తప్పదు. విదేశీ జాతుల్ని పెంచేవాళ్లూ 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాల్సిందే.

మరి పిల్లల ముచ్చట తీరేదెలా? పెరట్లో మందారమో, గుబురు కంచెో పెంచండి. పురుగుమందులు కొట్టకండి. పురుగులుంటేనే దానికి తిండి. ఎండాకాలం పొద్దున్నే ఆకుల మీద కాసిని నీళ్లు చిలకరించండి. ఊసరవెల్లి రాకపోయినా పిచ్చుకలకు పనికొస్తాయి. రోడ్డు మీద కనిపిస్తే ఓ పుల్ల అందించి, అది ఎక్కాక, వెళ్తున్న వైపే ఉన్న పొదలో వదలండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ సిబ్బందికి కబురు చేయండి. గుడ్లు పెట్టడానికి చెట్టు దిగి నేలను తవ్వుతుంటే మాత్రం దగ్గరకు వెళ్లకండి, దూరం నుంచే చూడండి.

దాని నీళ్లూ నీడా అడవి చూసుకుంటుంది. ఏ బకెట్టూ ఎత్తి పారబోయక్కర్లేదు. రాయి పడేసి, సీసా పక్కన పెట్టి, దాని దారి వదిలితే చాలు!